యారాడ కొండ కింద చమురు, చమురు అంచున ప్రాణం

విశాఖ హార్బర్‌కు అడ్డుగోడలా నిలబడ్డ యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోస్, తెలియని విశాఖవాసి ఉండడు. ఆ కొండ దగ్గరే, లోవ గార్డెన్స్ ప్రాంతంలో, నేల కింద బండరాతిని తొలిచి కట్టిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు దాచుకునే ఏర్పాటు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దేశం వ్యూహాత్మక చమురు నిల్వల కోసం కట్టుకున్న భూగర్భ కేంద్రాల్లో 2015లో మొదట పని మొదలుపెట్టింది ఇదే. మంగళూరు, పాదూరు ఆ తర్వాతవి. యుద్ధమో సంక్షోభమో వచ్చి దిగుమతులు ఆగిపోతే వాడుకుందామని దాచిన సరుకు ఇది.

ఆ గుహల్లో చమురును పట్టి ఉంచేది ఉక్కు తొట్టి కాదు, నీళ్లు. రాతిలోని సన్నని పగుళ్లన్నిటా భూగర్భజలం నిండి ఉంటుంది. ఆ నీటి పీడనం గుహలోని చమురు పీడనం కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండేలా చూస్తారు. అందుకే చమురు పగుళ్లలోకి పోలేదు, నీరే కొద్దికొద్దిగా గుహలోకి ఊరుతుంది. ఎండాకాలంలో భూగర్భజలం తగ్గినా ఇబ్బంది రాకుండా, గుహలకు పైన సొరంగాలు తవ్వి, వాటిలోంచి బోర్లు వేసి, రాతిలోకి నీళ్లు ఎక్కిస్తూ ఉంటారు. దీన్ని నీటి తెర అంటారు. లోపలికి ఊరిన నీరు చమురు కంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. అక్కడి నుంచి పంపులతో పైకి తోడేస్తారు. అంటే గోడ పొడుగునా, నేల పొడుగునా చమురూ నీరూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి.

చమురు, నీరు కలిసే చోటు మరీ వేడిగా లేకపోతే ఖాళీగా ఉండదు. అక్కడ ఏదో ఒకటి బతుకుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుని వెళ్తే పెట్రోలియం పుట్టుక, నాణ్యత, ధర, దానితో వచ్చే ప్రమాదాలు చాలావరకు అర్థమవుతాయి.

దీన్ని చూడటానికి కిలోమీటర్ల లోతుకు పోనక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ దాకా వెళ్తే చాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లు జెట్టీకి కట్టే ఉంటాయి. ట్యాంకులో సగం డీజిల్ ఉంటే మిగతా సగం గాలి. విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే. ఆ గాలిలోని తేమ రాత్రిపూట ట్యాంకు గోడలకు చెమ్మలా పట్టి, బొట్లుబొట్లుగా జారి, డీజిల్ కిందికి చేరుతుంది. నిషేధం ముగిశాక ఇంజిన్ స్టార్ట్ చేస్తే రెండు మూడు గంటలకే ఫిల్టర్ మూసుకుపోయే బోట్లు ఉంటాయి. ఫిల్టర్ విప్పితే లోపల నల్లటి మడ్డి. తుప్పు అయితే వేళ్ల మధ్య గరగరలాడాలి. ఇది జారుతుంది, నాచులా సాగుతుంది, కాస్త పుల్లని వాసన వేస్తుంది. బంకువాడు కల్తీ డీజిల్ పోశాడనుకుంటారు. చాలాసార్లు అది బూజూ బ్యాక్టీరియా కలిసి కట్టిన పొర. నీటిలో కాపురం, డీజిల్‌లో భోజనం. కిరోసిన్ బూజు అని పేరుపడ్డ ఒక శిలీంధ్రం విమానాల ఇంధన ట్యాంకుల్లోనూ ఇదే పని చేసి ఇంజినీర్లను దశాబ్దాలుగా విసిగిస్తోంది. ఎక్కడైనా మొదటి మందు ఒకటే, ట్యాంకు అడుగున నీళ్లు నిలవనివ్వకూడదు.

బోటు ట్యాంకులో గాలి ఉంది కాబట్టి సూక్ష్మజీవి బతికింది, సరే. గాలీ వెలుతురూ లేని రెండు కిలోమీటర్ల లోతున, రాతి రంధ్రాల్లో ఇరుక్కున్న చమురు మాటేమిటి? ఈ ప్రశ్న చుట్టూ నడిచిన వాదన దాదాపు వందేళ్లది.

1920ల్లో షికాగో విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్‌కు ఒక అనుమానం వచ్చింది. చమురు బావుల్లోంచి చమురుతో పాటు పైకి వచ్చే నీటిలో సల్ఫేటు (గంధకం, ఆక్సిజన్ కలిసిన లవణం) ఉండాల్సినంత ఉండటం లేదు. దాని బదులు కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటోంది. సముద్రపు బురదలో ఈ మార్పు చేసేది ఒక రకం బ్యాక్టీరియా అని అప్పటికే తెలుసు. బాస్టిన్, ఆయన సహచరుడు ఫ్రాంక్ గ్రీర్ ఆ నీటిలో బ్యాక్టీరియాను వెతికి పట్టుకుని 1926లో ప్రకటించారు. నమ్మినవాళ్లు తక్కువ. డ్రిల్లింగ్ చేసేటప్పుడు పైనుంచి పోసిన నీటితో, బురదతో అవి లోపలికి వెళ్లాయన్నారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. పైనుంచి ఏదీ కలవకుండా లోతులోంచి నమూనా తీయడం ఇప్పటికీ ఈ శాస్త్రంలో అన్నిటికంటే కష్టమైన పని. దానికి తోడు, ఆక్సిజన్ లేకుండా చమురును ఏ జీవీ తినలేదన్న నమ్మకం బలంగా ఉండేది. దాన్ని తిరుగులేకుండా దెబ్బకొట్టింది 1991లో జర్మనీలో ఫ్రెడ్రిక్ విడ్డెల్ బృందం. సల్ఫేటును పీల్చి బతికే ఒక బ్యాక్టీరియా, డీజిల్‌లో ఉండే హెక్సాడెకేన్ అనే పదార్థాన్ని ఆక్సిజన్ ఊసే లేకుండా తినేస్తుందని వాళ్లు సీసాలో పెంచి చూపించారు. అంటే బాస్టిన్ మాట తేలడానికి 65 ఏళ్లు పట్టింది.

ఆ మరుసటి ఏడాదే, 1992లో, థామస్ గోల్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక సంచలన వ్యాసం రాశారు. భూమి లోతుల్లో, వేడిలో, సూర్యుడితో సంబంధం లేని పెద్ద జీవలోకం ఉందనీ, దాని బరువు నేల మీది జీవులన్నిటి బరువుతో పోల్చదగ్గదనీ ఆయన అన్నారు. అంతటితో ఆగలేదు. పెట్రోలియం చచ్చిన జీవుల నుంచి రాలేదనీ, భూమి పుట్టినప్పటి నుంచి లోపల ఉన్న మీథేన్ పైకి ఎగదన్నుతూ వస్తోందనీ, లోతుల్లోని సూక్ష్మజీవులకు అదే ఆహారమనీ, చమురులో కనిపించే జీవ అవశేషాలు ఆ సూక్ష్మజీవులు వదిలినవేననీ వాదించారు. చమురు రాతి నుంచే పుడుతుందన్న ఆలోచన అంతకు ముందూ ఉంది. 1877లో మెండెలీవ్, 1951లో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ కుద్రియావ్‌త్సేవ్ అదే అన్నారు. గోల్డ్ దానికి జీవాన్ని జోడించారు.

ఆయన పట్టుబట్టగా స్వీడన్‌లోని సిల్యాన్ దగ్గర, ఎప్పుడో ఉల్క పడి పగిలిన గ్రానైట్‌లో, 1980ల్లో ఆరు కిలోమీటర్లకు పైగా లోతు తవ్వారు. అమ్ముకోదగ్గ చమురు దొరకలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 2019లో, అక్కడి గ్యాస్‌నూ పగుళ్లలోని ఖనిజాలనూ పరిశీలించిన శాస్త్రవేత్తలు చెప్పింది ఇంకా ఆసక్తికరం. ఆ మీథేన్‌లో చాలా భాగం భూగర్భం నుంచి ఎగదన్నింది కాదు. ఉల్క గుంత అంచుల్లోని పాత అవక్షేప శిలల చమురు పగుళ్లలోకి జారితే, సూక్ష్మజీవులు దాన్ని తిని విడిచిన వాయువది. గోల్డ్ వాదనలో సగం కూలిన చోటే మిగతా సగం నిలబడింది. ఆయన్ని తప్పుడు సిద్ధాంతకర్త అని కొట్టిపారేసేవాళ్లు ఈ రెండో సగాన్ని మరిచిపోతున్నారు. ఇంటర్నెట్‌లో ఆయన పేరు చెప్పి చమురు ఎప్పటికీ అయిపోదని ప్రచారం చేసేవాళ్లు మొదటి సగం ఏమైందో చెప్పడం లేదు.

కైలాసగిరి రాయి చెప్పే సాక్ష్యం

చమురు జీవుల నుంచే వచ్చిందనడానికి దూరాభారం పోనక్కర్లేదు, విశాఖ కొండలే కొంత చెబుతాయి. కైలాసగిరి రోడ్డు కోసం తొలిచిన చోట, వర్షానికి కడిగిన రాయిని దగ్గరగా చూస్తే ఎర్రటి గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. వాటి మధ్య అక్కడక్కడా వెండిలా మెరిసే నల్లటి పొలుసులు ఉంటాయి. వేలితో రుద్దితే పెన్సిల్ రుద్దినట్టు మరక పడుతుంది. అది గ్రాఫైట్. ఈ రాతిని ఖోండు గిరిజనుల పేరు మీద ఖోండలైట్ అంటారు. ఒకప్పుడు ఇది సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక. తర్వాత కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి, సుమారు వంద కోట్ల ఏళ్ల కింద 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి ఇలా మారింది. ఖోండలైట్లలో దొరికే గ్రాఫైట్‌కు చాలాచోట్ల మూలం ఆ బురదలో కలిసిన జీవుల కార్బనేనని ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) లెక్కలు సూచిస్తున్నాయి.

చమురు తయారయ్యే వేడికి ఒక హద్దు ఉంది. బురదతో పాటు కూరుకుపోయిన నాచు, బ్యాక్టీరియా, ఆకులలముల అవశేషం సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య, లక్షల నుంచి కోట్ల ఏళ్లు మగ్గితే చమురవుతుంది. ఇంకా వేడెక్కితే గ్యాస్. ఇంకా ఇంకా వేడెక్కితే హైడ్రోజన్ అంతా పోయి ఒట్టి గ్రాఫైట్ మిగులుతుంది. పొయ్యి మీద మరిచిపోయిన కూర అడుగంటి, మాడి, చివరికి బొగ్గయినట్టు. అందుకే విశాఖ నగరం కింద చమురు వెతికి లాభం లేదు. ఇక్కడ చమురు ఉండాలంటే ఓడలో తెచ్చి గుహలో పోసుకోవాల్సిందే. దక్షిణాన రాజమండ్రి దాటి కోనసీమకు పోతే కథ మారుతుంది. అక్కడ కృష్ణా, గోదావరి తెచ్చిన ఒండ్రు కిలోమీటర్ల మందాన పేరుకుని, మాడిపోకుండా, సరైన సెగ మీద మగ్గింది.

చమురులోనే దొరికే సాక్ష్యం ఇంకా బలమైంది. 1930ల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ ముడి చమురులో పార్ఫిరిన్లు అనే అణువులను పట్టుకున్నారు. ఆకుల్లో పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ అణువుకు ఇవి చెదిరిన అస్థిపంజరాలు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో గై ఊరిసోన్, పియెర్ అల్బ్రెష్ట్ బృందం ప్రపంచంలోని రకరకాల చమురుల్లో హోపేన్లు అనే అణువులను గుర్తించింది. ఇవి బ్యాక్టీరియా ఒంటి పొరను గట్టిపరిచే పదార్థాల నుంచి మిగిలినవి. అంటే సూక్ష్మజీవులు చమురును తినేవి మాత్రమే కాదు, చమురు పుట్టుకలోనూ వాటి పాలు పెద్దదే. నాచు చచ్చి అడుగుకు చేరితే దాన్ని తిన్నదీ అవే, తిని చచ్చి చమురయినదీ అవే.

మరి ఈ జీవలోకం ఎంత లోతుకు ఉంది? దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున పగుళ్లలోంచి ఊరిన నీటిలో దాదాపుగా ఒకే ఒక్క జాతి బ్యాక్టీరియా ఒంటరిగా బతుకుతోందని 2008లో తేల్చారు. రాతిలోని యురేనియం విడుదల చేసే రేడియేషన్ నీటి అణువులను చీలిస్తే వచ్చే హైడ్రోజనే దాని తిండికి ఆధారం. జపాన్ డ్రిల్లింగ్ నౌక చిక్యూ 2012లో షిమోకిటా తీరంలో సముద్రగర్భం కింద దాదాపు రెండున్నర కిలోమీటర్ల దాకా తవ్వి, పురాతన బొగ్గు పొరల్లో సూక్ష్మజీవులను పైకి తెచ్చింది. ఇదే నౌక మూడేళ్ల తర్వాత మన తీరానికీ వచ్చింది, ఆ సంగతి కాసేపట్లో. మొత్తం మీద భూగర్భ జీవుల ఒంట్లో ఉన్న కార్బన్ 1,500 నుంచి 2,300 కోట్ల టన్నులని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 2018లో అంచనా వేసింది. అది మనుషులందరి ఒంట్లో ఉన్న కార్బన్‌కు వందల రెట్లు.

ఎనభై డిగ్రీల గీత

వేడి నీటి ఊటల్లో 122 డిగ్రీల దగ్గర కూడా పెరిగే సూక్ష్మజీవి ఉంది. అయినా చమురు నిక్షేపాల్లో మాత్రం 80 డిగ్రీలు దాటితే చమురు చెడినట్టు కనబడదు. ఎందుకీ తేడా? వేడికి జీవకణంలోని ప్రొటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటూనే ఉంటాయి. ఎంత వేడైతే అంత రిపేరు ఖర్చు. ఊట దగ్గర ఆహారం సమృద్ధి కాబట్టి ఆ ఖర్చు భరించగలవు. రాతి రంధ్రంలో పస్తులతో బతికే జీవికి ఆదాయం అంతంతమాత్రం. 80 దాటాక వచ్చింది రిపేరుకే చాలదు.

పస్తులేమిటి, చుట్టూ చమురే కదా అనిపిస్తుంది. కుండ నిండా అన్నం ఉన్నా పక్కన పప్పూ ఉప్పూ లేకపోతే ఎన్నాళ్లు బతుకుతాం? చమురులో కార్బన్, శక్తి దండిగా ఉన్నాయి. ఫాస్ఫరస్ దాదాపు లేదు, నైట్రోజన్ కొంచెమే, అదీ అందేలా ఉండదు. వాటిని చుట్టూ ఉన్న రాతి ఖనిజాల నుంచి, నీటి నుంచి రవ్వరవ్వ తెచ్చుకోవాలి. అందుకే ఈ భోజనం లక్షల ఏళ్లు సాగుతుంది. లోతుల్లో ఒక్కో కణం రెండుగా చీలడానికి వందల, వేల ఏళ్లు పట్టవచ్చన్న అంచనాలున్నాయి. దక్షిణ పసిఫిక్ అడుగున 10 కోట్ల ఏళ్ల నాటి బురదలో దొరికిన కణాలకు ల్యాబులో ఆహారం పెడితే కదిలాయనీ, పెరిగాయనీ 2020లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. మన కాలమానంతో వాటి జీవితాన్ని కొలవడం కష్టం.

80 డిగ్రీల గీతకు ఇంకో ముఖ్యమైన పర్యవసానం ఉంది. భూమి లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. కాబట్టి నేల మీది వేడినీ కలుపుకుంటే, సుమారు రెండు కిలోమీటర్ల లోతు దాటిన నిక్షేపాల్లో చమురు భద్రం, అంతకు పైన ఉన్నదానికి ప్రమాదం. అయితే కొన్నిచోట్ల పై పొరల్లోనూ చెక్కుచెదరని చమురు దొరికేది. దానికి కారణాన్ని 2001లో వివరించారు. ఆ రాళ్లు ఒకప్పుడు లోతుకు వెళ్లి వేడెక్కి, లోపలి సూక్ష్మజీవులన్నీ చచ్చాక తిరిగి పైకి లేచాయి. కాచిన పాలు పచ్చి పాల కంటే ఎక్కువసేపు నిలవుంటాయి కదా, అదే సూత్రం. ఆ తర్వాత చేరిన చమురును తినడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. మన కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్ సముద్రంలో, కేజీ-డీ6 బ్లాకులోని ఎంజే క్షేత్రం లాంటి అధిక పీడన, అధిక ఉష్ణోగ్రత నిక్షేపాలు ఈ గీతకు చాలా అవతల ఉంటాయి. కాబట్టి అక్కడి సరుకుకు ఈ బెడద లేదు.

గీతకు ఇవతల ఉన్నవాటి గతి చూడాలంటే కెనడాలోని అల్బర్టా చూడాలి. 1,42,000 చదరపు కిలోమీటర్ల మేర తారు పట్టిన ఇసుక. అది ఒకప్పుడు పారే చమురు. సూక్ష్మజీవులు ముందుగా తేలిగ్గా అరిగే, కొమ్మల్లేని గొలుసు అణువులను తిన్నాయి, తర్వాత కొమ్మల అణువులను. ముళ్లు వదిలేసి చేప తిన్నట్టు, తమకు కొరుకుడు పడని పెద్ద అణువులను, గంధకాన్ని, నికెల్, వెనేడియం లోహాలను వదిలేశాయి. వెనిజువెలాలోని ఒరినోకో బరువు చమురుదీ ఇదే కథ. ప్రపంచంలో మిగిలిన చమురులో సగానికి పైగా ఇలా ఎంతో కొంత ఎంగిలి పడిందే అంటే ఆశ్చర్యం కలగొచ్చు.

ఈ ఎంగిలి ఖర్చు రిఫైనరీలో తేలుతుంది. విశాఖ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఈమధ్య ఆధునికీకరణతో ఏటా 83 లక్షల టన్నుల నుంచి కోటీ 50 లక్షల టన్నులకు సామర్థ్యం పెంచుకుంది. ఆ ప్రాజెక్టులో ముఖ్యమైన భాగం, స్వేదనం తర్వాత అడుగున మిగిలే బరువైన సరుకును విరిచి డీజిల్‌లాంటివి రాబట్టే యూనిట్. ఎందుకింత ఖర్చు పెట్టడమంటే బరువైన, గంధకం ఎక్కువున్న ముడి చమురు తేలికైనదాని కంటే చవగ్గా వస్తుంది కాబట్టి. గంధకానికి వేరే కారణాలూ ఉన్నాయి, నేరమంతా సూక్ష్మజీవుల మీదికే నెట్టకూడదు. ఆమ్లాల విషయంలో మాత్రం వాటి చెయ్యి స్పష్టం. చమురును తినే క్రమంలో అవి నాఫ్థెనిక్ ఆమ్లాలను మిగులుస్తాయి. రిఫైనరీ గొట్టాల్లో 220 డిగ్రీలు దాటాక ఆ ఆమ్లాలు ఉక్కును కొరుకుతాయి. కోట్ల ఏళ్ల కింద ఎక్కడో జరిగిన భోజనానికి ఇక్కడి మెయింటెనెన్స్ విభాగం మూల్యం చెల్లిస్తోందన్నమాట.

ఆ భోజనం చమురు మధ్యలో జరుగుతుందా, అంచునా? ప్రధానంగా అంచునే, కింద నీరు తగిలే చోట. అయితే ట్రినిడాడ్‌లోని పిచ్ లేక్ అనే సహజమైన తారు చెరువులో 2014లో బయటపడింది చూస్తే, చమురు నడిమధ్యనా ఊళ్లు ఉన్నాయి. ఆ చిక్కటి తారులో మైక్రోలీటర్లలో కొలిచే నీటి బొట్లు చిక్కుకుని ఉన్నాయి. ఒక్కో బొట్టు ఆవగింజంత. ఆ ఆవగింజంత నీటిలో ఒకటి కాదు, అనేక జాతుల బ్యాక్టీరియా, ఆర్కియా అనే మరో తెగ సూక్ష్మజీవులు కలిసి కాపురం చేస్తూ చుట్టూ ఉన్న చమురును విరగ్గొడుతున్నాయి. చమురు అన్నది ఒక ముద్ద కాదు, లోపల లెక్కలేనన్ని చిన్న చిన్న చెరువులున్న నేల అని ఆ పరిశోధన తర్వాతే అర్థమైంది.

తిన్న తర్వాత మిగిలేది చాలాచోట్ల మీథేనే. బ్యాక్టీరియా పెద్ద అణువులను విరిచి ఎసిటేటు, హైడ్రోజన్ చేస్తే, ఆర్కియా వాటిని మీథేన్‌గా మారుస్తాయని, భూగర్భ నిక్షేపాల్లో జరిగేది ఎక్కువగా ఇదేనని 2008లో తేలింది. ఈ పనికి ఇద్దరు కావాల్సిందే అనుకున్నారు. చైనాలోని షెంగ్లీ చమురు క్షేత్రంలో దొరికిన ఒక ఆర్కియా మొదటి నుంచి చివరి దాకా ఒంటి చేత్తో చేసేస్తుందని 2022లో రుజువైంది.

మన కడలి అడుగున

సూక్ష్మజీవుల మీథేన్ అంటే చిన్న విషయం కాదు. ప్రపంచ సహజవాయువు నిల్వల్లో ఐదో వంతు వరకు వాటి పుణ్యమేనని చాలాకాలంగా ఉన్న అంచనా. దీనికి కేజీ బేసిన్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 2006లో జాయిడస్ రిజొల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక కృష్ణా గోదావరి తీరానికి ఎదురుగా, కిలోమీటరు లోతు నీటి కింద బురదను తవ్వినప్పుడు దాదాపు 130 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్లున్న పొర బయటపడింది. ప్రపంచంలో అప్పటికి తెలిసిన అతి మందమైన హైడ్రేట్ పొరల్లో అదొకటి. హైడ్రేట్ అంటే చలికీ పీడనానికీ నీటి అణువులు మంచు పంజరంలా గడ్డకట్టి, లోపల మీథేన్‌ను బంధించిన పదార్థం. చేతిలో మంచుగడ్డలా ఉంటుంది, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది. ఒక ఘనమీటరు హైడ్రేట్ కరిగితే దాదాపు 164 ఘనమీటర్ల గ్యాస్ వస్తుంది. 2015లో చిక్యూ వచ్చి ఇసుక పొరల్లోనూ హైడ్రేట్లున్నాయని తేల్చింది.

ఆ మీథేన్‌కు తల్లి ఎవరని ఐసోటోపులను అడిగితే వచ్చిన జవాబు, ప్రధానంగా సూక్ష్మజీవులే అని. గోదావరి వరదలో కొట్టుకొచ్చిన ఆకూ అలమూ, పొలాల మట్టి, సముద్రపు నాచు అన్నీ బురదతో కలిసి వాలు మీదుగా లోతుకు జారి పేరుకున్నాయి. ఈ తీరాన ఒండ్రు జారే దారులు, అంటే సముద్రగర్భ లోయలు, ఉన్నాయని విశాఖకు 1950ల నుంచే తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ అలాంటి లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, ఇంకొకదానికి అక్కడి భూగర్భ శాస్త్ర ఆచార్యుడు మహదేవన్ పేరూ పెట్టారు. ఆ బురదను ఇంకా సరిగా వేడెక్కకముందే, చమురు కాకముందే, సూక్ష్మజీవులు మీథేన్ చేసి పెట్టాయి. ఈ హైడ్రేట్లను ఇంధనంగా తీసే వ్యాపారం ప్రపంచంలో ఎక్కడా ఇంకా మొదలవలేదు. తీసేటప్పుడు బురద కదిలి జారితే, మీథేన్ పైకి లేస్తే ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. తొందరపడకపోవడమే మంచిది.

ఇప్పటిదాకా చెప్పింది ప్రకృతి తన తీరికలో చేసుకున్నది. మనిషి చెయ్యి పడ్డాక ఈ వేగం మారిపోతుంది. సముద్రంలోని చమురు క్షేత్రాల్లో ఒత్తిడి తగ్గాక చమురును తోయడానికి సముద్రపు నీరు ఎక్కిస్తారు. ఆ నీటిలో లీటరుకు దాదాపు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. పైగా చల్లటి నీరు వెళ్లి బావి చుట్టూ రాతిని 80 డిగ్రీల గీతకు ఇవతలికి తెస్తుంది. బాస్టిన్ చూసిన బ్యాక్టీరియాకు ఇంతకంటే పెళ్లి భోజనం ఏముంటుంది? కొన్నేళ్లకు, అంతవరకు మంచిగా ఉన్న క్షేత్రంలో హైడ్రోజన్ సల్ఫైడ్ మొదలవుతుంది. ఈ వాయువు మోతాదు మించితే ముందు మనిషి ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది, ఆ తర్వాత నిమిషాల్లో చంపుతుంది. రిగ్ మీద పనిచేసేవాళ్లు ఒంటికి గ్యాస్ డిటెక్టర్ తగిలించుకునేది దీని భయంతోనే. ఉత్తర సముద్రంలో నీటితో పాటు నైట్రేటు పంపడం మొదలుపెట్టారు. నైట్రేటు మీద బతికే వేరే బ్యాక్టీరియా పెరిగి, సల్ఫేటు జాతి నోటి దగ్గరి కూడు లాక్కుంటుంది. విషం పోసి చంపాలని చూడటం కంటే ఈ పద్ధతి తెలివైంది. ఎందుకంటే పొరలు కట్టుకుని బతికే జీవులను విషం పూర్తిగా చేరదు.

తుప్పు ఇంకో ముప్పు. 2015 అక్టోబర్‌లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ దగ్గర ఆలిసో కేన్యన్ భూగర్భ గ్యాస్ నిల్వ కేంద్రంలో ఒక బావి పగిలి, దాదాపు నాలుగు నెలలు ఆగకుండా గ్యాస్ లీకైంది. మొత్తం సుమారు 97,000 టన్నుల మీథేన్ గాలిలో కలిసింది. వేల కుటుంబాలు ఇళ్లు వదిలాయి. ఆ ఉక్కు గొట్టాన్ని పైకి తీసి పరీక్షించి 2019లో ఇచ్చిన నివేదిక చెప్పిన కారణం, గొట్టం బయటి వైపు భూగర్భజలం తగిలి, సూక్ష్మజీవుల వల్ల పట్టిన తుప్పు. అంత పెద్ద ప్రమాదానికి కారణం కంటికి కనబడనిది, దశాబ్దాలుగా తన పని తాను చేసుకుపోయింది.

వీటినే పనికి పెట్టిన ఉదాహరణలూ ఉన్నాయి. చమురును తినే బ్యాక్టీరియాను తయారుచేసిన ఆనంద మోహన్ చక్రబర్తి పేటెంటు కేసులో 1980లో అమెరికా సుప్రీం కోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. మన దేశంలో టెరీ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే సూక్ష్మజీవుల మిశ్రమం నేల మీద ఒలికిన చమురును, ట్యాంకుల మడ్డిని శుభ్రం చేయడానికి వాడుతున్నారు.

తిరిగి లోవ గార్డెన్స్ గుహల దగ్గరికి వస్తే, అక్కడ రాతి వేడి 80 డిగ్రీలకు చాలా తక్కువ. నీరుంది, చమురుంది, రాతి ఖనిజాలున్నాయి. కాబట్టి జీవం ఉండటంలో వింతేమీ లేదు. ఆక్సిజన్ అందకపోవడం, ఫాస్ఫరస్ కొరత వల్ల చమురుకు చెప్పుకోదగ్గ నష్టం జరగడానికి ఏళ్లు కాదు, యుగాలు పడుతుంది. అక్కడ చూసుకోవాల్సింది వేరే. నీటి తెర బోర్లలో సూక్ష్మజీవుల పొర పెరిగి పగుళ్లు పూడితే నీరు అందాల్సిన చోటికి అందదు. ఇలాంటి గుహలున్న దేశాలన్నిటికీ తెలిసిన సమస్యే ఇది, అందుకే ఎక్కించే నీటిని శుద్ధి చేస్తారు. రెండోది అడుగు నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్, దానివల్ల పంపులకూ గొట్టాలకూ పట్టే తుప్పు.

ఇక్కడ విశాఖకు ఒక మంచి అవకాశం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ, సముద్ర శాస్త్ర విభాగాలు, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, 2016లో మొదలైన పెట్రోలియం, ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్, అన్నీ గుహలకు గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్నాయి. ఎంపోనెంగ్ గనిలో ఒక పగులు నీటి కోసం శాస్త్రవేత్తలు ప్రపంచం చుట్టి వెళ్లారు. ఇక్కడ వంద కోట్ల ఏళ్ల ఖోండలైట్ పగుళ్లలోంచి, చమురును ఒరుసుకుంటూ వచ్చిన నీరు రోజూ పంపుల మీదుగా పైకి వచ్చి శుద్ధి యూనిట్‌కు పోతోంది. భద్రతా నియమాలకు లోబడే, శుద్ధి చేయకముందు నెలకో సీసా పట్టి, సల్ఫేటు ఎంత తగ్గింది, మీథేన్ ఎంత పెరిగింది, ఏయే జాతుల డీఎన్‌ఏ ఉంది అని పదేళ్లు వరుసగా రాసుకుంటూ పోతే, కొత్తగా తొలిచిన రాతిలో జీవం ఎలా స్థిరపడుతుందో చెప్పే రికార్డు తయారవుతుంది. తొలి ఏళ్ల నీరు ఎలాగూ వెళ్లిపోయింది. ఈ నెల నీరు ఇంకా పంపు దగ్గరే ఉంది.